విప్పడానికి వీలుగా ఒక వెలుగుపెట్టె

ఆ సాయంత్రం హాల్లో మూడు వందల మంది ఉన్నారు. వేదిక మీద ఇరవై ఒక్క మంది పిల్లలు రేకుల్లా విచ్చుకుంటూ నాట్యం చేస్తున్నారు. వాళ్ళ వెనక తెల్లటి తెర మీద ఆకుపచ్చ లేజర్ గీతల పువ్వొకటి గిర్రున తిరుగుతోంది. పాట రెండో చరణంలోకి వెళ్ళేసరికి ఆ పువ్వు ఒక్కసారి వణికింది. ఆ వెంటనే రెండు పక్కలనుంచీ ఎవరో నొక్కేసినట్టు సన్నబడి, నిలువు కర్రలా నిలబడిపోయింది.

పిల్లలకు వెనక ఏం జరిగిందో తెలియదు. ఆ కర్ర చుట్టూ ఎంతో ముచ్చటగా చేతులు చాపి రేకులు విప్పుతూనే ఉన్నారు. ముందు వరసలో ఒకాయన నవ్వాడు. నవ్వు అంటువ్యాధి కదా, వెనక వరసదాకా పాకింది.

హాలు చివర స్టూలు మీద ఉన్న బిస్కెట్ డబ్బా స్విచ్చి కట్టేసి, ఒకావిడ తలవంచుకుని నిలబడింది. ఆ డబ్బాయే ప్రొజెక్టరు. అది ఆవిడ సొంత చేతులతో చేసింది. ఆఫీసుల్లో జెరాక్స్ మెషీన్లు బాగుచేయడం ఆవిడ వృత్తి. పదమూడేళ్ళుగా ఏ ఆఫీసులో కాగితం ఇరుక్కున్నా "మెకానిక్కమ్మని పిలవండి" అంటారు. ఆ పిలుపే ఆవిడ పేరైపోయింది. పిల్లలకు నాట్యం నేర్పిన డాన్సు టీచరు ఆవిడ భర్తకు అక్క.

ప్రదర్శన అయ్యాక ఆడపడుచు తిడుతుందని మెకానిక్కమ్మ సిద్ధంగా ఉంది. ఆవిడ తిట్టలేదు. "పిల్లలు బాగా చేశారు కదూ?" అంది. అంతే. లైటు మాటే ఎత్తలేదు. రెండు చీవాట్లు పెట్టి ఉంటే ఆ రాత్రి అన్నం సహించేది.

మర్నాడు డబ్బా విప్పబోతే అది విప్పడానికి రాలేదు. లోపల ప్రతిదీ వేడి జిగురుతో అతికించేసింది తనే. లేజర్ ప్రొజెక్టర్ అంటే బ్రహ్మవిద్య కాదు. రెండు బుల్లి మోటార్లు, వాటికి రెండు బుల్లి అద్దాలు ఉంటాయి. ఒక అద్దం వెలుగును అడ్డంగా ఊపుతుంది, రెండోది నిలువుగా ఊపుతుంది. ఆ ఊపు ఎంత వేగమంటే, ఒక్క చుక్క పరుగెత్తుతుంటే మన కంటికి బొమ్మ కనిపిస్తుంది. అడ్డంగా ఊపే మోటారు ఒక్కటి చచ్చిపోయింది, అందుకే పువ్వు కర్రయింది. మార్చాల్సింది ఆ ఒక్క మోటారే. దాన్ని జిగురులోంచి పెకలించేసరికి పక్కనున్న అద్దం పగిలింది, లేజర్ తీగ తెగింది, సర్క్యూట్ బోర్డు మూల విరిగింది.

ముక్కల మధ్య కూర్చుని మెకానిక్కమ్మ ఆలోచనలో పడింది. ఆఫీసుల్లో తను రోజూ తిట్టే తిట్లు గుర్తొచ్చాయి. అరచేతిలో పట్టే పళ్ళచక్రం మార్చడానికి పద్నాలుగు స్క్రూలు, మూడు సైజులవి పెట్టినవాడికి ఎన్నిసార్లు శాపనార్థాలు పెట్టిందో! గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఆ గింజ తనేనని అప్పుడు తెలిసింది. సర్వీసు రిపోర్టులు రాసే పుస్తకం తీసి, వెనక పేజీలో ఒక ముక్క రాసుకుంది: విప్పలేనిది బిగించకూడదు.

*

కొత్త పెట్టె బొమ్మ చూసి ఆవిడ భర్త కళ్ళు పెద్దవి చేశాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీనుంచి వచ్చి టీ తాగుతూ, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత పెట్టె ఎందుకు? ఇందులో నేనూ పడతాను."

"మీకు చోటు లేదు గానీ, ఎర్ర లేజర్‌కీ నీలం లేజర్‌కీ ఉంది."

"అవెక్కడున్నాయి?"

"ఇంకా కొనలేదు. ఇప్పటికి ఆకుపచ్చ ఒక్కటే."

"ఓహో! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నమాట."

"పేరు ముందే అనుకుంటే తప్పేముందండీ? తీరా పుట్టాక ఊయలకి చోటు లేదని గోడలు పగలగొట్టుకోవాలా?" అందావిడ. "మీ బస్సులో సీట్లన్నీ మొదటి స్టాపులోనే నిండుతాయా? ఖాళీతో బయల్దేరరూ?"

డ్రైవరు టీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

పాత ఇనుప సామాన్ల కొట్లో బాగా మందమైన అల్యూమినియం పలక ఒకటి దొరికింది. దాన్ని ముందు గదిలో నేల మీద పరిచి, స్కేలు జరుపుకుంటూ అంగుళానికొక పెన్సిల్ గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. బాల్కనీలో కుర్చీలో కూర్చున్న మామగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నారు.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. నలభై ఐదేళ్ళు షాపుల మీద, స్కూళ్ళ మీద, లారీల వెనక అక్షరాలు రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గారు. ఆరేళ్ళ కిందట కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. అప్పట్నించీ మెషీను అనే మాట వినబడితే చాలు, ఆయన ముక్కు మీద కోపం వచ్చి కూర్చుంటుంది. కోడలి వృత్తి మెషీన్లదే కాబట్టి, ఆ కోపాన్ని ఇంట్లో కాస్త పొదుపుగా వాడుకుంటారు.

ఇరవయ్యో గుర్తు దగ్గర ఆయన ఇక ఆగలేకపోయారు.

"అమ్మాయ్, అలా స్కేలు జరుపుకుంటూ పోతే ఒక్కో గుర్తుకీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. చివరికి వచ్చేసరికి నీ గీత పక్కింట్లోకి పోతుంది."

"మరెలా మావయ్యా?"

ఆయన లేచి, అటక మీది మూటలోంచి నీలం పొడి పట్టించిన దారపు ఉండ తెచ్చారు. పలక నాలుగు అంచుల మీదా ముందు కొలతలు పెట్టించారు. దారం ఒక కొస ఆవిడ చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని బిగించి, మధ్యలో వేలితో మీటి వదిలారు. టప్‌మని నీలం గీత పడింది, నిటారుగా. ఇటు పదహారు, అటు పన్నెండు. పావుగంటలో పలకంతా గళ్ళు.

"గీతలు కలిసిన ప్రతి చోటా రంధ్రమేనా? ఏంటిది, జల్లెడా?"

"జల్లెడే మావయ్యా. ప్రతి రంధ్రంలోనూ స్క్రూ పట్టేలా మర తీస్తాను. ఏ సామాను ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. రేపు కొత్తది వస్తే కొత్త రంధ్రాలు పొడవక్కర్లేదు."

"బాగానే ఉంది," అన్నారాయన. ఆ ఇంట్లో ఒక మెషీనుకు ఆయన ఇచ్చిన మొదటి కితాబు అదే.

తర్వాత మూడు వారాలు, పని లేని పూటలన్నీ ఆ పెట్టెకే పోయాయి. లేజర్, రెండు అద్దాలు, వాటిని తిప్పే బోర్డు, ఫ్యాను, ఇలా ప్రతి సామాన్నీ విడిగా ఒక చిన్న రేకు మీద బిగించింది. ఆ రేకును అడుగు పలకకు నాలుగు స్క్రూలతో పట్టించింది. పెట్టె మొత్తానికీ స్క్రూలు ఒకే సైజు, ఒకే స్క్రూడ్రైవరు చాలు. తీగలు దేనికీ అతికించలేదు. ప్రతి తీగకూ రెండు కొసలా ప్లగ్గులు, ప్లగ్గు మీద చీటీ, చీటీ మీద అది ఎక్కడిదో పేరు. ఎందుకైనా మంచిదని ప్రతి తీగా జానెడు పొడుగు ఎక్కువే వదిలింది. కరెంటు ఇచ్చే యూనిట్ మూడు లేజర్లకు సరిపోయేది పెట్టింది. అద్దాలు కదలకుండా ఆగిపోతే వెలుగుకు అడ్డంగా దానంతటదే మూత పడే ఏర్పాటు కూడా చేసింది, కదలని లేజర్ ఎవరి కంట్లో పడినా ప్రమాదం కాబట్టి. చివరికి పెట్టె మూత తీసి చూస్తే లోపల సగం ఖాళీ.

"అద్దెకిస్తావా?" అన్నాడు డ్రైవరు.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, అందరికీ నల్ల కళ్ళద్దాలిచ్చి, మెకానిక్కమ్మ పెట్టె స్విచ్చికున్న తాళం తిప్పింది. గోడ మీద ఆకుపచ్చ గుండ్రం వచ్చింది. తర్వాత నక్షత్రం. కంప్యూటర్లో ఉన్న అక్షరాలతో "స్వాగతం" అని టైపు చేసింది.

గోడ మీద స్వాగతం వెలిగింది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. మామగారు కళ్ళద్దాలు సవరించుకుని గోడకేసి రెండడుగులు వేశారు.

"ఏంటమ్మా ఈ రాత? తలకట్టు చూడు, కొడవలిలా వంగిపోయింది. స్వ కింద ఆ వొత్తేంటి, జారిపోతున్నట్టు? నా దగ్గర పని నేర్చుకునేవాడు ఇలా రాస్తే తిండి పెట్టేవాణ్ని కాదు."

"మెషీన్ అంతే రాస్తుంది నాన్నా," అన్నాడు కొడుకు.

"ఊరుకోరా. కుంచె దానంతటదే రాస్తుందా? పట్టుకున్న చెయ్యి రాస్తుంది." ఆయన కోడలి వైపు తిరిగారు. "మలుపు దగ్గర ఇది ఆగట్లేదమ్మా. పరుగెత్తుకొచ్చి, అదే వేగంతో తిరిగేస్తోంది. తలకట్టు కిందికి దిగి పైకి లేచేచోట కుంచె ఒక్క క్షణం నిలబడాలి. ఊపిరి తీసుకోవాలి. అప్పుడు తిరగాలి."

మెకానిక్కమ్మ కంప్యూటరు వైపు తిరిగింది. కంప్యూటరు ఒక అక్షరాన్ని అద్దాలకు చెప్పేటప్పుడు చుక్కలుగా చెబుతుంది. ఆవిడ ఆ చుక్కలన్నీ సమానమైన ఎడంతో పెట్టింది. అద్దానికి బరువుంటుంది, మలుపు దగ్గర అది తటాలున తిరగలేదు. అక్కడ చుక్కలు ఎక్కువ ఉంటే ఆ కాసేపూ ఆగుతుంది. ఈ సంగతి ఎక్కడో చదివింది కూడా. ఏ మలుపులో ఎన్ని పెట్టాలో మాత్రం తేల్చుకోలేక వదిలేసింది.

ఏదో ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన డ్రాయింగ్ ప్యాడ్ ఒకటి అలమరలో ఉంది. ప్లాస్టిక్ కలంతో దాని మీద గీస్తే గీత కంప్యూటర్లోకి వెళుతుంది. అది తెచ్చి మామగారి ముందు పెట్టింది.

"మీరు రాయండి మావయ్యా. కుంచె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో ఇది అలాగే పట్టుకుంటుంది. మీ చెయ్యి నిదానించిన చోట చుక్కలు వాటంతటవే దగ్గరపడతాయి."

"ప్లాస్టిక్కుతోనా?" అన్నారాయన చిరాగ్గా. కానీ కలం తీసుకున్నారు. రెండుసార్లు గాల్లో ఊపి బరువు చూశారు. ఎడమచేతి చిటికెన వేలు ప్యాడ్ అంచుకు ఆనించి, కుడి మణికట్టు దాని మీద పెట్టి, స్వాగతం అని రాశారు.

ఆవిడ మీట నొక్కింది. గోడ మీద అక్షరాలు లేచి నిలబడ్డాయి. తలకట్టు చాకుతో కోసినట్టుంది. గ గుండ్రంగా ఉంది, త పక్కన సున్న కోడిగుడ్డులా కాకుండా సున్నలానే ఉంది.

పెద్దాయన గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరాన్నీ చివరి మెలికదాకా చూసుకున్నారు. తర్వాత, "ఆ దుప్పటి ముడత సరిచెయ్యరా, వెలుతురు పడుతోంది," అని కొడుకు మీద విసుక్కున్నారు.

*

డాన్సు టీచరును ఒప్పించడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. వచ్చే ప్రదర్శనకు నెల రోజులుంది. పుట్టింటికి వచ్చి, పెట్టె చూసి, గోడ మీద తండ్రి రాత చూసి ఆవిడ మురిసిపోయింది గానీ, వేదిక మాట ఎత్తగానే చెయ్యి అడ్డంగా ఊపింది.

"వద్దే తల్లీ. పోయినసారి పిల్లలు వీడియో చూసుకుని రెండ్రోజులు ఏడ్చారు. మేం పువ్వు చేస్తే కర్ర వచ్చిందేంటి టీచర్ అని."

"ఇది ఆ డబ్బా కాదు వదినా. ఏది పాడైనా ఐదు నిమిషాల్లో మారుస్తాను."

"ఐదు నిమిషాలు పిల్లలు ఒంటికాలి మీద నిలబడాలా?"

అంతలో మామగారు కూతురిని అడిగారు. "మీ పిల్లల్లో అందరికంటే చిన్నది ఎవరు?"

డాన్సు టీచరు పేరు చెప్పింది. ఆయన రాశారు. అంతవరకూ రోజూ క్లాసులో హాజరు పిలిచే పేరే. గోడ నిండా, మనిషంత ఎత్తున, ఆ అయిదేళ్ళ పిల్ల పేరు వెలుగుతుంటే డాన్సు టీచరు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అందరివీ రాస్తావా నాన్నా? ఇరవై ఒక్కటి ఉన్నాయి."

"నాకేం పనుంది, రాయక!"

"సరే అయితే. కానీ డాన్సు జరిగేటప్పుడు వద్దు. అంతా అయ్యాక, ఒక్కొక్కళ్ళూ వచ్చి నమస్కారం పెట్టేటప్పుడు వెనక వాళ్ళ పేరు. తేడా వచ్చిందో, తెర దించేస్తాను. మాట ఇప్పుడే చెబుతున్నా."

ఇరవై పేర్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఇరవై ఒకటో పేరు దగ్గర చిక్కొచ్చింది. ఆ అమ్మాయికి నాయనమ్మ పేరూ, అమ్మమ్మ పేరూ, తాతమ్మ పేరూ కలిపి పెట్టినట్టున్నారు, పదకొండు అక్షరాలు. అంత పేరు చుట్టి వచ్చేసరికి వెలుగుకు ఆయాసం వచ్చి, మొదటి అక్షరం మినుకుమినుకుమంటోంది.

"పేరు రెండు ముక్కలు చేద్దామా మావయ్యా?"

"పేరును ముక్కలు చేస్తారటమ్మా? పొడుగు పేరున్న షాపులు ఎన్ని రాయలేదు! పేరు పొడుగైతే నగలు తియ్యాలి." ఆయన అక్షరాల చివర తాను అలవాటుగా పెట్టే చిన్న చిన్న మెలికలన్నీ మానేశారు. ఒక్కో అక్షరాన్ని ఒక్క ఊపున రాశారు. పదకొండూ నిలకడగా వెలిగాయి.

*

ప్రదర్శనకు రెండు రోజుల ముందు బ్యాంకులో జెరాక్స్ మెషీను పొగ వదిలితే, మెకానిక్కమ్మ పొద్దున్నే వెళ్ళింది. మూడింటికి ఇల్లు చేరి, తలుపు తోసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

పెట్టె మూత నేల మీద ఉంది. మామగారు దాని ముందు బాసింపట్టు వేసుకుని, కళ్ళకు నల్ల అద్దాలు పెట్టుకుని, స్క్రూడ్రైవరుతో ఏదో బిగిస్తున్నారు.

"మావయ్యా! ఏం చేస్తున్నారు?"

"అరవకు. ప్లగ్గు తీసేశాను, తాళం నా జేబులో ఉంది. అద్దాలు జాగ్రత్త కోసం పెట్టుకున్నా." ఆయన పక్కకు జరిగి చూపించారు. ఖాళీగా ఉన్న చోట ఒక కొత్త రేకు, దాని మీద ఎర్ర లేజరు. దాని ముందు ఏటవాలుగా చిన్న అద్దం. "ఒకటే రంగుతో బోర్డు ఎవడైనా రాస్తాడా? అందుకని పొద్దున్నే వెళ్ళి తెచ్చాను."

"ఎక్కడికెళ్ళారు?"

"నువ్వు సామాన్లు కొనే కొట్టుకే. రెండు బస్సులు మారి వెళ్ళాను. రెండోది మనవాడి బస్సే. ఎక్కడికి నాన్నా అన్నాడు. డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసుందిగా, ముందుకి చూసి నడుపు అన్నాను."

కొట్టతనికి ఖాళీ చోటు కొలతలు రాసిన కాగితం ఇచ్చారట. ఎరుపును మళ్ళించి, ఆకుపచ్చను తనలోంచి పోనిచ్చే రంగుటద్దం కూడా కావాలని అతనే చెప్పి ఇచ్చాడట. ఇంటికొచ్చి చూస్తే ఎర్ర లేజరు రంధ్రాలూ పలక రంధ్రాలూ కలవలేదు. అందుకని విడిగా ఉన్న రేకు ఒకటి తీసుకుని, ఒక పక్క లేజరుకు సరిపోయేలా, ఇంకో పక్క పలకకు సరిపోయేలా గుర్తులు పెట్టి, డ్రిల్లుతో పొడిచారట.

"నీ పెట్టెలో స్క్రూలన్నీ ఒకటే సైజు. తీగల మీద పేర్లు రాశావు. ఎర్ర లేజరు అని చీటీ ఉన్న ప్లగ్గు ఒకటి ఊరికే వేలాడుతోంది. ఇందులో చేతకానిదేముంది?"

మెకానిక్కమ్మ నేల మీద చతికిలబడింది. లోపలికి తొంగి చూసింది. ఒక్కటే పొరపాటు, రంగుటద్దం ముందూ వెనకా తిరగబడింది. నాలుగు స్క్రూలు తీసి, తిప్పి, మళ్ళీ బిగించడానికి ఆవిడకు రెండు నిమిషాలు పట్టింది. ఈ పెట్టెను రేపెప్పుడో తానే విప్పుకుంటానని అనుకుంది గానీ, తను ఇంట్లో లేనప్పుడు ఒక పెయింటరు విప్పి, పని చేసి, మూత పెట్టబోతాడని కలలో కూడా అనుకోలేదు. ఆవిడకు నవ్వాగలేదు. పదమూడేళ్ళ సర్వీసులో ఇంత హాయిగా నవ్విన రోజు ఇంకోటి లేదు.

"ఎందుకమ్మా నవ్వు?"

"ఏం లేదు మావయ్యా. దుప్పట్లు కట్టండి. అసలు పని ఇప్పుడుంది."

అసలు పని రెండు చుక్కల్నీ కలపడం. అద్దాలు ఆగితే పడే మూతను కాసేపు తప్పించి వెలిగిస్తే, గోడ మీద ఎర్ర చుక్క ఒక చోట, ఆకుపచ్చ చుక్క జానెడు ఎడంగా పడ్డాయి. అద్దం వెనక సన్నటి స్క్రూలు తిప్పుతూ దగ్గరికి తెస్తే, ఈ గోడ మీద కలిసినవి వంటగది చివరి గోడ మీద విడిపోతాయి. అక్కడ కలిపితే ఇక్కడ విడిపోతాయి. మామగారు అట్టముక్క పట్టుకుని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిరిగారు. "కొంచెం ఎడమకి... కొంచెం... అయ్యో, దాటిపోయింది. వెనక్కి రా. ఆ! ఇప్పుడు కిందికి, చీమ నడిచినంత."

గంటన్నర గడిచింది. ఆవిడ వేళ్ళు తిమ్మిరెక్కాయి. స్క్రూను ఊపిరి బిగబట్టి ఇంకొంచెం తిప్పింది.

"అమ్మాయ్, ఎరుపు ఏమైపోయింది?" అన్నారాయన అట్టముక్కకేసి చూస్తూ. "ఆకుపచ్చా లేదు. ఇదేంటి, పసుపు! పసుపు ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదు. రెండూ కలిశాయి."

"నాకు చెబుతావా రంగుల గురించి? నలభై ఐదేళ్ళు కలిపాను. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే బురద. బురద రంగు వస్తుంది."

"అది పెయింటు మావయ్యా. ఇది వెలుగు. ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిస్తే పసుపే."

ఆయన నమ్మలేదు. ఎర్ర లేజరుకు చెయ్యి అడ్డం పెట్టమన్నారు, ఆకుపచ్చ చుక్క మిగిలింది. ఆకుపచ్చకు పెట్టమన్నారు, ఎరుపు మిగిలింది. చెయ్యి తీయమన్నారు. పసుపు. ఇలా ఎనిమిదిసార్లు చేయించారు. వంటగది గోడ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి అక్కడా చూశారు.

"ఇక్కడా పసుపే!" అని కేక పెట్టారు. "ఒరే, రారా, చూడరా!" కొడుకు డ్యూటీలో ఉన్నాడన్న సంగతి కూడా ఆయనకు గుర్తులేదు. ఎదురింటావిడ తలుపు తీసి ఏం జరిగిందని అడిగితే, ఆవిడను లోపలికి పిలిచి, చేతికి నల్ల అద్దాలిచ్చి మొదటినుంచీ మళ్ళీ చూపించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నోట ఒకటే మాట. "బురద కాదురా. పసుపు."

*

ప్రదర్శన రోజు మధ్యాహ్నం హాల్లో రిహార్సల్. వెలుగు మనుషుల తలల మీదుగా పోయేలా ప్రొజెక్టరును ఎత్తైన బల్ల మీద పెట్టి, తెరకు గురి కుదిర్చారు. కుర్చీలు సర్దుతున్న వాచ్‌మన్ కాలు తీగకు తగులుకుంది. అతను తూలి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తీగ లాక్కుపోయింది, తెర నల్లబడింది.

డాన్సు టీచరు నుదురు కొట్టుకుంది. "చెప్పానా? నేను ముందే చెప్పానా?"

మెకానిక్కమ్మ వెళ్ళి చూసింది. ఏదీ తెగలేదు, ఏదీ విరగలేదు. ప్లగ్గు ఊడి వచ్చిందంతే. గుచ్చింది, వెలిగింది. వాచ్‌మన్ క్షమాపణ పూర్తయ్యేలోగా పనైపోయింది. ఆడపడుచు పిల్లల జడలు చూడటానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం హాలు నిండింది. పిల్లలు ఆడారు, పాడారు, ఒకడు వేదిక మీదే తుమ్మాడు. అన్నీ అయ్యాక దీపాలు తగ్గాయి. అందరికంటే చిన్నది, అయిదేళ్ళది, మధ్యలోకి వచ్చి చేతులు జోడించింది. వెనక తెర మీద ఎర్రగా మొదలైన ఆ పిల్ల పేరు పసుపులోకి మారి, నిండుగా నిలబడింది. హాల్లో ఎక్కడో వాళ్ళమ్మ కేక పెట్టింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది, నమస్కారం సంగతి మరిచిపోయింది. తెరకేసి వేలు చూపించి, "నేనే!" అంది. మైకు లేకపోయినా ఆ మాట చివరి వరసకు వినబడింది.

తర్వాత ప్రతి పేరుకూ ఒక మూలనుంచి చప్పట్లు లేచాయి. పదకొండు అక్షరాల పేరు వచ్చినప్పుడు హాలంతా కలిసి, కూడబలుక్కున్నట్టు, గట్టిగా చదివింది. ఇరవై ఒకటీ అయ్యాయి. ఇక ఆర్పేద్దామని మెకానిక్కమ్మ తాళం మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నారు మామగారు. ప్యాడ్ ఆయన ఒళ్ళో ఉంది. వంగి ఏదో రాశారు. తెర కింద కుడి మూలన, చిన్న అక్షరాల్లో, మెలికలతో సహా ఒక పేరు వెలిగింది. ఆవిడ పేరు. అందరూ మెకానిక్కమ్మ అని పిలిచే ఆవిడ అసలు పేరు.

"మావయ్యా, ఇదెందుకు?"

"బోర్డు చేసినవాళ్ళ పేరు కింద కుడి మూలన ఉండాలి. మా పనిలో అది పద్ధతి."

వేదిక మీదినుంచి డాన్సు టీచరు ఆ మూలకేసి చూసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. అప్పటికి ఆ పేరు ఎవరిదో తెలియనివాళ్ళు కూడా కొట్టారు.

జనం లేచి వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. పదకొండు అక్షరాల అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి పెద్దాయన చొక్కా పట్టుకుని లాగింది. "తాతయ్యా, ఇంకోసారి రాయవా? మా నాన్న ఫోటో తీసేలోపు అయిపోయింది."

"ఒకసారేంటి, పదిసార్లు రాస్తాను." రాశారు. ఈసారి ప్యాడ్ మీద కొత్తగా, ఆ పిల్ల చూస్తుండగా. అది చూసి మిగతా పిల్లలు వచ్చారు. పిల్లల వెనక వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. తమ పేర్లు కూడా కావాలన్నారు. వాచ్‌మన్ వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టాడు, తర్వాత తానూ వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

మెకానిక్కమ్మ ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ, ఎరుపెక్కువా పసుపెక్కువా అని ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ మీట నొక్కుతోంది. పక్కనే నిలబడి డాన్సు టీచరు ఏ పిల్ల పేరులో ఏ వొత్తు ఉందో తండ్రికి చెబుతోంది.

వరస చివరికి వచ్చింది. చివరివాడు ఖాకీ చొక్కాలో, చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

పెద్దాయన తలెత్తి చూశారు. "నీకేంట్రా?"

"నా పేరు కూడా రాయి నాన్నా."

"నీ పేరు పెట్టిందే నేను. మళ్ళీ రాయాలా?"

"పెట్టావు గానీ, ఎప్పుడూ రాయలేదు. ఊళ్ళో షాపులన్నిటి మీదా రాశావు, నా స్కూలు పుస్తకాల మీద ఒక్కసారైనా రాశావా?"

పెద్దాయన ప్లాస్టిక్ కలం చెవి వెనక పెట్టుకుని కొడుకును ఎగాదిగా చూశారు. "నిజమే," అన్నారు. "అట్టలు వేసే రోజుల్లో నాకు ఎప్పుడూ పనే ఉండేది." కలం తీసి, మణికట్టు ఆనించి, ఒక్కో మలుపు దగ్గరా ఆగుతూ రాయసాగారు. మధ్యలో ఒక అక్షరం నచ్చక చెరిపేశారు.

"చాల్లే నాన్నా, బాగానే ఉంది. రేపు తెల్లారుజామున డ్యూటీ ఉంది నాకు."

"ఉండరా! బస్సు నడిపినట్టు నడపమంటావా?" అన్నారాయన. మళ్ళీ మొదటి అక్షరంనుంచి మొదలుపెట్టారు.